24 వేల కత్తి, అటక మీది కంబళి

ఈసారి ఉత్తరం బెంగళూరు నుంచే వచ్చింది, నాలుగు పేజీలు. రాసినాయన పేరు వద్దన్నారు. మడకశిర దగ్గర ఒక పల్లెలో పుట్టారు, 33 ఏళ్ళు, కె.ఆర్.పురంలో అద్దె ఇల్లు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, పెళ్ళయి మూడేళ్ళు. ఏడాదిన్నర కిందట ఆఫీసు స్నేహితుడి ద్వారా ఒక బుష్‌క్రాఫ్ట్ గ్రూపులో చేరారు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: అడవిలోనో తోటలోనో కాసిని వస్తువులతో ఒకటి రెండు రోజులు ఉండి నిప్పు రాజేయడం, కట్టె చెక్కడం, గుడారం కట్టడం, ముడులు వేయడం, నీళ్ళు కాచుకోవడం లాంటి పనులు స్వయంగా చేత్తో నేర్చుకునే సరదాని బుష్‌క్రాఫ్ట్ అంటారు. వీళ్ళ గ్రూపులో పదకొండు మంది. నెలకోసారి తమిళనాడులోని డెంకణికోట వైపు ఒక తెలుగు రైతు తోటలో, ఆయన అనుమతితో, శని ఆదివారాలు గడుపుతారు.

మొదటిసారి ఈయన ఇంట్లో కూరగాయల కత్తి, కె.ఆర్.మార్కెట్లో కొన్న నీలం పట్టా, సిగరెట్ లైటరు పట్టుకెళ్ళారు. ఎవరూ ఏమీ అనలేదు. "పర్లేదు, మొదట్లో అందరం ఇంతే" అన్నారట. కానీ గ్రూపు ఫొటోలో ఈయన పట్టా ఉన్న మూల మాత్రం కత్తిరించేశారు. రెండో నెలకల్లా 24 వేల కత్తి వచ్చింది. తర్వాత 19 వేల గొడ్డలి, గుడారంలా కట్టుకునే, మైనం పూసిన 11 వేల కాన్వాస్ పట్టా (టార్ప్), 9 వేల ఉన్ని దుప్పటి, తోలు సంచులు, తోలు ఒరలు, అన్నీ కలిపి 86 వేలు, చాలావరకు క్రెడిట్ కార్డు ఈఎంఐల మీద. ఇప్పుడు గ్రూపు ఫొటోలో ఎవరి బ్యాగు ఎవరిదో గుర్తుపట్టలేం, అందరివీ ఒకేలా ఉంటాయని రాశారు.

గ్రూపు పెద్దకి కొన్ని నియమాలున్నాయి. నైలాన్ వద్దు, ప్లాస్టిక్ వద్దు, టెంటు వద్దు, అగ్గిపెట్టె, లైటరు అసలే వద్దు. అడవి దగ్గర తీసుకునేది తక్కువగా, నేర్చుకునేది ఎక్కువగా ఉండాలన్నది ఆయన ఆదర్శం. అది తనకు నిజంగానే నచ్చిందని, ఇప్పటికీ నచ్చుతోందని మన పాఠకుడు రాశారు.

పోయిన నవంబరులో రాత్రంతా వాన. కొత్తగా వచ్చిన ఒకమ్మాయి పూర్తిగా తడిసి వణుకుతోంది. తడికట్టె మీద ఫెర్రో రాడ్‌తో, అంటే గీకితే నిప్పురవ్వలు రాల్చే లోహపు కడ్డీతో, దాదాపు రెండు గంటలు గీకారు, అంటుకోలేదు. ఈయన బ్యాగు అడుగున లైటరుంది, తీయలేదు. చివరికి తోట రైతే గొడుగేసుకుని వచ్చి, ఎండు కొబ్బరి పీచు, అగ్గిపెట్టె తెచ్చి అయిదు నిమిషాల్లో మంట వేశాడు. ఆ అమ్మాయి మళ్ళీ రాలేదు. ఆ రాత్రి గురించి గ్రూపులో ఎవరూ మాట్లాడలేదు.

ఇంట్లో ఇంకో గొడవ. కత్తి 4 వేలని భార్యకి చెప్పారు. ఇల్లు మారదామంటే అడ్వాన్సుకి డబ్బు చాలక కార్డు స్టేట్‌మెంట్ తీసి చూస్తే నిజం బయటపడింది. ఆమె అరవలేదట, మాట్లాడటం తగ్గించేసిందట. దీనికి తోడు వచ్చే వేసవిలో తోట వదిలి పక్కనే ఉన్న రిజర్వ్ ఫారెస్టులో, "అసలైన అడవిలో" ఒక రాత్రి ఉందామని గ్రూపులో మాట నడుస్తోంది. "అక్కా, వాళ్ళ ఆదర్శం కరెక్టే, దానికి నేనే సరిపోనా? లేక ఇదంతా వస్తువుల పిచ్చేనా? గ్రూపు వదిలేయనా?" అని అడిగారు. ఉత్తరం చివర, సంతకం దగ్గర, ఒక్క వాక్యం: "మా తాత గొర్రెలు మేపేవాడు, ఆయన కంబళి ఇంకా మా ఊరి ఇంట్లో అటక మీద ఉంది, ఈ సంగతి గ్రూపులో ఎవరికీ చెప్పలేదు."

అక్కా అన్నారు కాబట్టి ఆ చనువుతో నేరుగా మాట్లాడతాను.

మీరు ఆదర్శం, వస్తువులు అని రెండే రాశారు గానీ, నాకు మీ ఉత్తరంలో మూడు కనబడ్డాయి. ఆదర్శం ఒకటి, వస్తువులు ఒకటి, నలుగురిలో ఒకడిగా ఉండాలన్న కోరిక ఒకటి. ఈ మూడూ మీ బుర్రలో ఒకే మూటగా కట్టేసి ఉన్నాయి, అందుకే కత్తి ఖరీదు గురించి ఆలోచించబోతే అడవి మీద ప్రేమనే అనుమానించాల్సి వస్తోంది మీకు. మూట విప్పి ఒక్కొక్కటీ చూద్దాం.

ఆదర్శం మంచిదే. మీ గ్రూపు పెద్ద మాటల్ని నేను తేలిగ్గా తీసుకోను. రోజంతా ఏసీ గదిలో స్క్రీను ముందు కూర్చునే మనిషికి తన చేత్తో మంట వేసుకుని, దాని మీద నీళ్ళు కాచుకుని తాగితే కలిగే తృప్తి చిన్నది కాదు. కాన్వాస్ బరువే అయినా చిరిగితే కుట్టుకోవచ్చు, ఏళ్ళ తరబడి వస్తుంది. ఉన్ని మీద నిప్పురవ్వ పడితే మాడుతుందే తప్ప నైలాన్‌లా కరిగి ఒంటికి అంటుకోదు, తడిసినా ఎంతో కొంత వెచ్చగా ఉంచుతుంది. ఇవన్నీ నిజాలు, నియమాల వెనక అసలు కారణాలున్నాయి. నా ఇబ్బందల్లా ఆ కారణాలు మరిచిపోయి నియమాలు మాత్రం పట్టుకోవడం దగ్గర.

లైటరు సంగతే తీసుకోండి, ఎందుకంటే మిమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ కుదిపింది ఆ రాత్రే. ఫెర్రో రాడ్ ఏదో ఆదిమానవుల కాలం నాటి వస్తువన్నట్టు మీ గ్రూపులో మాట్లాడుకుంటారని రాశారు. అందులో ఉండే ఫెర్రోసీరియం అనే మిశ్రమలోహాన్ని ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ 1903లో తయారుచేశాడు. గీస్తే అంటుకునే అగ్గిపుల్లని ఇంగ్లండులో జాన్ వాకర్ అంతకు చాలా ముందే, 1827లో అమ్మకానికి పెట్టాడు. అంటే మీ గ్రూపులో నిషేధించిన అగ్గిపెట్టె మీరు పవిత్రంగా చూసుకునే రాడ్ కన్నా డెబ్బయి ఆరేళ్ళు పెద్దది. ఇంకో సంగతి, మీ బ్యాగు అడుగున దాక్కున్న లైటరులో చక్రం కింద ఉండే చిన్న రాయి కూడా అదే ఫెర్రోసీరియం. మన తాతల చెకుముకి రాయి, ఉక్కు, దూది వేరు, అది నిజంగా పాత విద్య. వీటిలో ఏది నేర్చుకున్నా సంతోషమే. కానీ ఏది శుద్ధం, ఏది అశుద్ధం అని మీవాళ్ళు గీసిన గీత చరిత్ర గీసింది కాదు, ఎవరో ఎక్కడో గీస్తే మీ గ్రూపు దిగుమతి చేసుకుంది.

దిగుమతి అంటే గుర్తొచ్చింది. ఈ హాబీకి మనం చూసి నేర్చుకునే పద్ధతులు ఎక్కువగా స్వీడన్, కెనడా లాంటి చలిదేశాల అడవుల్లో పుట్టినవి. అక్కడ తడిసిన మొద్దుల్ని చీల్చి లోపలి ఎండుచెక్క తీయకపోతే మంట లేదు, మంట లేకపోతే ప్రాణం మీదికొస్తుంది. అందుకే దిట్టమైన కత్తి, గొడ్డలి, పెద్ద మంట. మన దగ్గర, డెంకణికోట పొదల అడవిలో, ప్రమాదాలు వేరు. ఎండ, నీళ్ళ కరువు, ఏనుగులు, పాములు. టెంటు వద్దు, నేల మీద ఆకులు పరుచుకుని పడుకోవడమే అసలైన పద్ధతి అంటున్నారని రాశారు చూడండి, అది చదివి నాకు భయమేసింది. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద నిద్రపోయేవాళ్ళనే ఎక్కువగా కాటేస్తుంది, దాని కాటు చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. మన పల్లెల్లో తోట కాపలాకి వెళ్ళేవాళ్ళు మంచె కట్టుకునేది, నులక మంచం మోసుకెళ్ళేది ఊరికే కాదు. జిప్పు ఉన్న దోమతెర ఒకటి, మంచి టార్చి ఒకటి ఇక్కడి అడవికి 19 వేల గొడ్డలి కన్నా ఎక్కువ పనికొస్తాయి. ఈ నేలని చూసి వస్తువులు ఎంచుకోవడం కూడా మీ ఆదర్శంలో భాగమే అనుకుంటాను నేను.

ఇక వస్తువుల దగ్గరికొద్దాం. ఈ సరదాకి పెద్దలుగా చెప్పుకునేవాళ్ళని చూడండి. అమెరికాలో నెస్‌మక్ అనే కలం పేరుతో రాసిన జార్జ్ వాషింగ్టన్ సియర్స్ 1883లో, అరవై దాటిన వయసులో, ఒంట్లో క్షయతో, 4.8 కిలోల బరువున్న చిన్న పడవలో అడిరాండాక్ సరస్సుల మీద 266 మైళ్ళు తిరిగాడు. ఆయన తపనంతా బరువు తగ్గించుకోవడం మీదే. కెనడాలో దశాబ్దాల పాటు ఈ విద్య నేర్పి 2019లో పోయిన మోర్స్ కొచాన్‌స్కీ, ఎంత తెలిస్తే అంత తక్కువ మోస్తాం అనేవాడని ఆయన శిష్యులు చెప్పుకుంటారు. స్వీడన్ మోరా కత్తుల్లో బాగా పేరున్నది ప్లాస్టిక్ పిడిది, చవకది, దాని ఉక్కు పిడి చివరిదాకా కూడా పోదు, అయినా ప్రపంచమంతా పని వాళ్ళు దాన్ని వాడుతున్నారు. మీ గ్రూపు నియమాల ప్రకారం వీళ్ళలో సగం మంది ఫొటోలోంచి కత్తిరింపుకి గురవుతారు.

మరి 24 వేల కత్తి ఎందుకు కొన్నారు? మీ ఉత్తరంలో మీరే చెప్పారు, "కత్తి కొన్నాక మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలిచారు" అని. మీరు కొన్నది ఉక్కు మాత్రమే కాదు, ఆ పిలుపు కూడా. దాన్ని నేను తప్పుపట్టను. బెంగళూరులో ఊరు కాని ఊళ్ళో ఉంటూ, ఆదివారం వస్తే మాట్లాడే మనిషి లేక ఫోను చూసుకునే మగవాళ్ళు ఎంతమంది ఉన్నారో నాకు వచ్చే ఉత్తరాలే చెబుతాయి. మీకు పదిమంది దొరికారు, వాళ్ళని పోగొట్టుకుంటానేమో అన్న టెన్షన్ మీది. కానీ ఆ భయంతోనే ఆ రాత్రి లైటరు తీయలేకపోయారు. డబ్బు ఇవాళ కాకపోతే రేపు తీరుతుంది గానీ ఇది లోపల అలాగే ఉండిపోతుంది, నాలుగు పేజీల్లో ఒకటిన్నర పేజీ ఆ రాత్రి గురించే రాశారు మీరు.

ఇప్పుడేం చేయొచ్చు అంటే, నాకు కొన్ని దారులు కనబడుతున్నాయి, ఏదీ ఉచితం కాదు.

ఇలాగే కొనసాగొచ్చు. కొనడం ఆపేసి, ఉన్నవాటితోనే, మాట్లాడకుండా. గొడవ ఉండదు. కాకపోతే రేపు ఇంకెవరో కొత్తవాళ్ళు తడిసినప్పుడు మీరు మళ్ళీ అదే చోట, అదే లైటరు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటారు. అప్పుడు తీయగలనన్న నమ్మకం ఉంటే సరే.

గ్రూపు వదిలేయొచ్చు. ఈఎంఐలు అయ్యేదాకా ఊపిరి తీసుకోవచ్చు, ఇంట్లో ఆదివారాలు దొరుకుతాయి. కానీ సరదా మానుకోలేక ఒక్కడినే వెళ్తానని రాశారు, అది మాత్రం వద్దని బతిమాలతాను. ఏనుగులు తిరిగే ప్రాంతం, కాలు మడతపడినా పాము కరిచినా పక్కన ఒక మనిషి ఉండాలి. వదిలేస్తే ఒకరిద్దరితో చిన్నగా మొదలుపెట్టండి, అదే రైతుని అడిగి అదే తోటలో.

మూడోది కష్టం, నాకు మీ విషయంలో దాని మీదే ఎక్కువ ఆశ ఉంది. గ్రూపు పెద్దతో విడిగా, టీ తాగుతూ, ఆ నవంబరు రాత్రి గురించి మాట్లాడటం. వాట్సాప్‌లో వద్దు, పదిమంది చూస్తుంటే ఎవరూ తగ్గరు. "మీ నియమాలు తప్పు" అని మొదలుపెట్టకండి. "నా దగ్గర లైటరు ఉంది, నేను తీయలేదు, అప్పటినుంచి నిద్ర పట్టట్లేదు" అని మీ తప్పుతో మొదలుపెట్టండి, ఎందుకంటే నిజం కూడా అదే. తర్వాత ఒక్కటే అడగండి: ఎవరైనా తడిసినా, దెబ్బ తగిలినా, చీకటి పడ్డా నియమాలు పక్కన పెట్టి మంట ముందు వేయాలి, నేర్చుకోవడం పొద్దున. ప్రతి ట్రిప్పులో ఒక డబ్బాలో అగ్గిపెట్టె, ఎండు కొబ్బరి పీచు, నాలుగు కర్పూరం బిళ్ళలు గ్రూపు సొత్తుగా ఉండాలి. కర్పూరం నీళ్ళ మీద తేలుతూ కూడా మండుతుంది, ఏ పూజ సామాన్ల కొట్లో అయినా దొరుకుతుంది, మీ పెద్దాయనకి అది ప్లాస్టిక్ కాదు కూడా. ఆయన నిజంగా ఆదర్శం ఉన్న మనిషైతే దీనికి ఒప్పుకోవడానికి ఎక్కువసేపు పట్టదు. ఆయన మనసులో కూడా ఆ రాత్రి ఉండే ఉంటుంది. ఒప్పుకోకపోతే, నవ్వేస్తే, ఆ గ్రూపులో మీకెంత విలువుందో, కొత్తవాళ్ళ ప్రాణానికి ఎంత విలువుందో తెలిసిపోతుంది, అప్పుడు రెండో దారి తేలికవుతుంది. వీలైతే ఆ అమ్మాయికి కూడా ఒక ఫోను చేయండి. క్షమించమని అడగడానికే, మళ్ళీ రమ్మని పిలవడానికి కాదు.

రిజర్వ్ ఫారెస్టు విషయంలో మాత్రం నా దగ్గర దారులేమీ లేవు. వెళ్ళకండి. అనుమతి లేకుండా అందులోకి వెళ్ళడం, నిప్పు పెట్టడం, కట్టె కొట్టడం నేరం. అభయారణ్యం అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇంకా గట్టిది, ఆయుధాల కింద కత్తిని కూడా లెక్కేస్తుంది, మీ పదకొండు మంది నడుములకీ కత్తులే. చట్టం సంగతి పక్కన పెట్టినా, వేసవిలో ఆ గడ్డి ఎలా ఉంటుందో తలుచుకోండి. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు చుట్టుముడితే ట్రెక్కింగ్‌కి వెళ్ళినవాళ్ళు ఇరవై మందికి పైగా పోయారు. వాళ్ళు మీలాగే వారాంతంలో చెన్నై లాంటి ఊళ్ళ నుంచి వెళ్ళిన పిల్లలు. అడవి మీద ప్రేమ ఉన్న మనిషి మార్చిలో అక్కడ నిప్పురవ్వ రాల్చడు. ఈ మాట గ్రూపులో మీరు ఒక్కరే అనాల్సి వచ్చినా అనండి, ఇది మాత్రం అందరి ముందే.

డబ్బు. మీ ఆవిడ మాట్లాడటం తగ్గించింది 86 వేలకని మీరు అనుకుంటున్నట్టుంది. నాకలా అనిపించలేదు. 24 ని 4 అని చెప్పడం దగ్గర ఆమెకి దెబ్బ తగిలింది. ఖర్చుంటే పోట్లాడి సర్దుకుంటారు భార్యాభర్తలు, లెక్క దాస్తే మిగతా లెక్కలన్నీ అనుమానమే. అందుకని ముందు మొత్తం జాబితా ఒక కాగితం మీద రాసి, ఇంకా మిగిలిన ఈఎంఐలతో సహా, ఆమె చేతికివ్వండి. ఏది అమ్మాలో ఇద్దరూ కలిసి చూడండి. కోపంలో అన్నీ అమ్మేయకండి, పాత ధరకి సగానికి అమ్ముకుని తర్వాత ఏడుస్తారు. గొడ్డలి తోటలో ఎన్నిసార్లు వాడారో గుర్తు తెచ్చుకోండి. మీ ఉత్తరం ప్రకారం రెండుసార్లు, రెండూ ఫొటో కోసం. అలాంటివాటిని కొనేవాళ్ళు ఈ సరదా ఉన్నవాళ్ళలోనే దొరుకుతారు, అది ముందు పోనివ్వండి, ఆ డబ్బు ఇంటి అడ్వాన్సులో పడనివ్వండి. కత్తి ఉంచుకోవాలనిపిస్తే ఉంచుకోండి, కానీ అది ఆమెతో మాట్లాడిన తర్వాత.

ప్రతి ట్రిప్పు నుంచి వచ్చాక బ్యాగు నేల మీద గుమ్మరించి చూసే అలవాటు నాకుంది, బెంగళూరు దగ్గరి సావనదుర్గ లాంటి కొండకి వెళ్ళొచ్చినా సరే. వాడినవి ఒకవైపు, వాడనివి ఒకవైపు. మందుల డబ్బా, టార్చి వాడకపోయినా వాడినవాటిలోకే. మూడు ట్రిప్పులు వరసగా వాడనివాటి వైపే ఉన్న వస్తువు ఇంట్లో ఉండిపోతుంది. మీరూ చేసి చూడండి, ఏడాది పాటు కొత్తది ఏదీ కొనకుండా. అవసరమైతే రాడ్ గీకడానికి విరిగిన హాక్సా బ్లేడు ముక్క చాలు, నీళ్ళు కాచడానికి ఒకే పొర ఉన్న స్టీలు సీసా చాలు (రెండు పొరల ఫ్లాస్కు మాత్రం నిప్పు మీద పెట్టొద్దు, పేలొచ్చు).

చివరిగా ఆ సంతకం పక్కన రాసిన వాక్యం. నాలుగు పేజీల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది అదే అనిపించింది, మీరేమో ఇంకో విషయం గుర్తొచ్చినట్టు రాసి ఊరుకున్నారు. మీ తాత వానలో గొర్రెల వెంట రాత్రులు బయట పడుకున్న మనిషి. ఆయనకి ఈ విద్యకి పేరు కూడా అక్కర్లేదు. మీ నాన్న చిన్నప్పుడు ఆ కంబళి కప్పుకుని బడికెళ్ళడానికి సిగ్గుపడేవాడని ఇంకో పేజీలో ఎక్కడో రాశారు. ఇప్పుడు మీరు 9 వేలు పెట్టి విదేశీ ఉన్ని దుప్పటి కొని, గొర్రెలు మేపిన ఇంటివాడినని ఎక్కడ తెలుస్తుందో అని మాట్లాడకుండా కూర్చుంటున్నారు. మీరు గ్రూపుకి సరిపోతారా అని నన్నడిగారు. ఈ పదకొండు మందిలో ఈ పనులు ఇంట్లోనే చూసి పెరిగే అవకాశం ఉన్న మనిషి మీరొక్కరేనేమో. చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం, మన ఊళ్ళలో ఇంటిపేరు, వృత్తి చెప్పగానే మొహాలు మారడం నాకూ తెలుసు, కాబట్టి చెప్పి తీరాలని నేననను. చెబితే ఒకరిద్దరు వింతగా చూడొచ్చు, ఒకరిద్దరు దగ్గర కావచ్చు. చెప్పకపోయినా ఆ సిగ్గు మాత్రం మీతో మోసుకెళ్ళకండి, అసలే బ్యాగు బరువుగా ఉంది.

ఈ పండక్కి ఊరెళ్తున్నానని రాశారు కదా. అటక మీంచి కంబళి దించి ఎండలో వేయండి, పురుగు పట్టిందేమో చూడండి. మీ నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని, వాన పడేటప్పుడు తాత దాన్ని ఎలా మడిచి నెత్తి మీంచి కప్పుకునేవాడో, తడికట్టెతో మంట ఎలా వేసేవాడో అడగండి. మీ ఆవిడ కూడా అక్కడే ఉంటే మంచిది. ఆయన ఏం చెప్పాడో నాకు మళ్ళీ రాయండి.